సొంత ఇల్లు – సంఘ శ్రేయస్సు: పడమటి కర్నూలు చరిత్ర చెప్పేదేమిటి?

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. మన సభ్యుల్లో ఈ రెండూ చేసి చూసినవారే ఎక్కువ. ప్రత్యేక సంచికకు ఒక చరిత్ర వ్యాసం రాయవలసిందిగా కార్యదర్శి గారు కోరినప్పుడు, రాజుల గురించీ ఆదోని కోట గురించీ రాయగలవారు మనలో చాలామంది ఉన్నారు గనుక, మనం కాపురముండే ఇండ్ల చరిత్ర రాయాలని నేను నిశ్చయించుకున్నాను. రెవిన్యూ శాఖలో ఉద్యోగం చేసి, గోనెగండ్ల చుట్టుపక్కల గ్రామాలలో ఇంటి స్థలాల పట్టాలు పంచిన వాడిని కాబట్టి ఈ విషయంలో నాకు కొంత ప్రత్యక్ష పరిచయం ఉన్నది.

పింఛనుదార్లు నలుగురు కలిసిన చోట ఇండ్ల ప్రస్తావన రాకుండా ఉండదు. పిల్లలు హైదరాబాదులోనో బెంగుళూరులోనో స్థిరపడ్డారు. ఊళ్లోని ఇల్లు అమ్మి తమ దగ్గరికి రమ్మంటారు. అక్కడ వారు జీతంలో పెద్ద భాగం ఇంటి అప్పుకే కడుతున్నారు. ఇంకొందరు బాడుగ ఇంట్లోనే సుఖమంటారు. సొంత ఇల్లు ఉంటేనే మనిషికి విలువ అని మనం నమ్మి బతికాము. ప్రభుత్వాలు కూడా అదే నమ్మకంతో లక్షల ఇండ్లు కట్టించాయి. ఆ నమ్మకం ఎంతవరకు నిజం? ఒక మనిషికి ఇల్లు సొంతమైతే అతనికి మేలు సరే, చుట్టూ ఉన్న సంఘానికి కలిగే మేలేమిటి? ఈ ప్రశ్నకు జవాబు వెదకడానికి మన పడమటి కర్నూలు కంటే మంచి చోటు లేదని నా అభిప్రాయం.

మట్టి మిద్దెల కాలం

మన తాతల నాటి ఇల్లు మట్టి మిద్దె. గోడకు ఊరి రాయి, చెరువు మట్టి. పైకప్పుకు వేపవో తుమ్మవో దూలాలు, వాటిపై దంతెలు, ఆ పైన కంప, ఆకు పరిచి చవుడు మట్టి. వెలుతురు రావడానికి, పొగ పోవడానికి కప్పులో గవాచి. ఏటా వానలకు ముందు మిద్దె మీద చవుడు వేయించకపోతే ఇల్లు కారేది. ఎండకు చల్లగా, చలికి వెచ్చగా ఉండే ఈ ఇంటికి కావలసిన సరుకంతా ఊరి పొలిమేరలోనే దొరికేది. పనికి ఇరుగుపొరుగు సాయం వచ్చేవారు. వడ్రంగికి, ఉప్పరికి గింజలు కొలిచేవారు. అందుచేత సామాన్య రైతు పెద్ద అప్పు చేయకుండానే ఇంటివాడు కాగలిగేవాడు.

ఆ ఇంటికి కాగితం మాత్రం ఉండేది కాదు. గ్రామకంఠంలోని ఇండ్లకు పొలాలకున్నట్లు పట్టాలు, అడంగల్ లెక్కలు లేవు. ఎవరి ఇల్లు ఏదంటే, తూర్పున ఫలానా వారి గోడ, పడమర ఫలానా వారి వాకిలి అని చెక్కుబంది చెప్పేవారు. పంచాయతీ వారికి కట్టిన ఇంటి పన్ను రసీదే రుజువు. గ్రామకంఠాలను కూడా కొలిచి యజమానులకు కార్డులు ఇవ్వాలని కేంద్ర ప్రభుత్వం స్వామిత్వ పథకం ప్రారంభించింది 2020 ఏప్రిల్‌లో. అంటే తరతరాలుగా మన గ్రామాల్లో కాగితంతో పనిలేకుండానే జనం ఇండ్లకు సొంతదారులుగా ఉన్నారు.

ఇక్కడ ఒక లెక్క చూడాలి. 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో నూటికి 86.6 కుటుంబాలు సొంత ఇంట్లో ఉన్నాయి. బాడుగకు ఉన్నవి 11.1 మాత్రమే. పల్లెల్లోనైతే సొంత ఇండ్లు నూటికి 95 దాకా ఉన్నాయి. జర్మనీ, స్విట్జర్లాండు వంటి ధనిక దేశాల్లో సగానికి పైగా జనం బాడుగ ఇండ్లలో ఉంటారు. సొంత ఇల్లే సంపదకు కొలమానమైతే మన పల్లెలు స్విట్జర్లాండు కంటే ధనవంతమై ఉండాలి. కనుక సొంతమా బాడుగా అన్న ఒక్క మాటతో తేలే విషయం కాదిది.

అందరికీ మట్టి మిద్దె కూడా లేదన్న సంగతి మరవకూడదు. ఊరి బయట వాడల్లో ఉండే కూలీలు, జీతగాళ్లు, కొన్ని చేతివృత్తులవారు ఆసామి స్థలంలో కొట్టం వేసుకుని ఉండేవారు. కొట్టం అతనిది, నేల ఆసామిది. పనికి రాకపోయినా, కూలి ఎక్కువ అడిగినా, ఎన్నికల్లో మాట వినకపోయినా కొట్టం పీక్కుని పొమ్మనే అధికారం ఆసామికి ఉండేది. ఇటువంటివారికి వారున్న స్థలం మీదే హక్కు ఇవ్వడానికి మన రాష్ట్రంలో 1976లో ఒక చట్టం వచ్చింది. అంతకు ముందు ఏడాది ప్రకటించిన ఇరవై సూత్రాల కార్యక్రమంలో పేదలకు ఇంటి స్థలాలు ఒక సూత్రం. రెండు సెంట్ల జాగా తనదైతే కూలివాడు కూలి గురించి తల ఎత్తి మాట్లాడగలుగుతాడు. ఇంటి వల్ల సంఘానికి కలిగే మొదటి మేలు ఇదేనని నేను అనుకుంటాను.

ఎమ్మిగనూరు మగ్గాల ఇండ్లు

గోనెగండ్లకు పొరుగునే ఉన్న ఎమ్మిగనూరు నేతకు పేరుపడిన ఊరు. నేతగానికి ఇల్లంటే తల దాచుకునే చోటు మాత్రమే కాదు, అదే అతని కార్ఖానా. గుంట మగ్గానికి నేల తవ్వాలి. పడుగు సాగదీయడానికి జాగా కావాలి. కండెలు చుట్టే ఆడవారికి, పిల్లలకు చోటు కావాలి. నేల తవ్వుతానంటే ఏ ఇంటి యజమాని ఒప్పుకుంటాడు? ఒప్పుకున్నా, ఖాళీ చేయమన్న రోజున మగ్గం ఎత్తుకుని ఎక్కడికి పోవాలి? ఇల్లు పోతే పనీ పోయినట్లే. నూలుకు షావుకారు మీద, ఇంటికి ఇంకొక ఆసామి మీద ఆధారపడిన నేతగాని బతుకులో అతనిదంటూ ఏమీ మిగిలేది కాదు.

ఈ పరిస్థితిలో మాచాని సోమప్ప గారి పూనికతో 1938లో ఎమ్మిగనూరు చేనేత సహకార సంఘం ఏర్పడింది. సంఘం సభ్యులకు నూలు ఇచ్చి, నేసిన బట్ట తీసుకుని, మజూరీ చెల్లించేది. దానితో షావుకారు పట్టు సడలింది. తర్వాత సంఘం ఇంటి సమస్యను చేపట్టింది. నేతగాళ్లకని ప్రత్యేకంగా కాలనీ వెలిసింది. సోమప్ప గారి సేవకు గుర్తింపుగా 1954లో భారత ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. పద్మ పురస్కారాలు మొదలైన సంవత్సరమే అది. మన పడమటి మూలకు అంత తొందరగా ఆ గౌరవం దక్కడం మనందరికీ గర్వకారణం.

ఈ చరిత్రలో మనం గమనించవలసింది వరుస. ముందు పని, తర్వాత ఇల్లు. మజూరీ నిలకడగా వస్తున్నందువల్లనే నేతగాడు ఇంటి వాయిదా కట్టగలడు. ఇల్లు మగ్గం పక్కనే ఉన్నందువల్ల, ఇంకా చెప్పాలంటే మగ్గమే ఇంట్లో ఉన్నందువల్ల, ఉదయం నుంచి రాత్రి దాకా కుటుంబమంతా ఒక చోట ఉండగలిగింది. అటువంటి కాలనీలో పిల్లలు బడికి పోతారు, గుడి పండుగ నడుస్తుంది, సంఘం ఎన్నికలు జరుగుతాయి. ఇల్లు ఒక ఊరిని నిలబెట్టే పద్ధతి ఇదే.

తర్వాతి కాలంలో పవర్‌లూమ్ బట్ట చవకగా దొరికి చేనేతకు గిరాకీ పడిపోయినప్పుడు, మన ప్రాంతంలో మగ్గాల సంఖ్య తగ్గింది. ఇల్లు నిలిచింది, మగ్గం నిలవలేదు. ఆ ఇండ్లలోని పిల్లలు వేరే పనులు వెదుక్కోవలసి వచ్చింది. ఈ విషయం తర్వాత చెప్పబోయే సుగ్గి కథకు ముందుమాట వంటిది.

గుడారాల రాజధాని, బాడుగ కష్టాలు

ఇక మన ఉద్యోగుల సంగతి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని అయింది. బళ్లారి జిల్లాలో ఉండిన ఆదోని, ఆలూరు తాలూకాలు అప్పుడే మన జిల్లాలో చేరాయి. మద్రాసు నుంచి సచివాలయం, శాఖాధిపతుల కార్యాలయాలు ఒక్కసారిగా వచ్చి పడితే జిల్లా కేంద్రంలో కట్టడాలు ఎక్కడివి? గుడారాలు వేసి కార్యాలయాలు నడిపిన సంగతి జగమెరిగినదే. ఉద్యోగులకు ఇండ్లు దొరకడం దుర్లభమైంది. బాడుగలు పెరిగాయి. 1956 నవంబరు 1న రాజధాని హైదరాబాదుకు తరలిపోయింది. రాజధాని వస్తుంది గదా అని అప్పు చేసి ఇల్లు కట్టినవాని గతి మూడేండ్లలో ఏమై ఉంటుందో ఊహించుకోవచ్చు. ఇంటి విలువ గోడల్లో లేదు, ఆ ఊళ్లో ఉన్న పనిలో ఉందని కర్నూలు ఆనాడే చూపించింది.

బాడుగదారును కాపాడేందుకు మన రాష్ట్రంలో 1960లో బాడుగ నియంత్రణ చట్టం వచ్చింది. యజమాని ఇష్టం వచ్చినట్లు బాడుగ పెంచడానికి, కారణం లేకుండా ఖాళీ చేయించడానికి వీలులేదన్నారు. పట్టణాల్లో బాడుగకు ఉండే చిరుద్యోగులకు, పత్తి మిల్లుల పనివారితో నిండిన ఆదోని వంటి చోట్ల కార్మికులకు అది ఊరట. అయితే దానికి మరొక ముఖం కూడా ఉన్నది. ఒకసారి ఇస్తే మళ్లీ చేతికి రాదేమోనని కొందరు యజమానులు ఇంటికి తాళం వేసి ఉంచారే గాని బాడుగకు ఇవ్వలేదు. బాడుగ తక్కువని మరమ్మతులు మానేశారు. అసలే కొరత ఉన్న చోట ఇండ్లు మరింత కొరత అయ్యాయి. చట్టం మంచి ఉద్దేశంతో వచ్చినా కొత్త ఇండ్లు కట్టించకుండా కొరత తీరదని అనుభవంలో తేలింది.

ప్రభుత్వోద్యోగి అంటే బదిలీల మనిషి. మూడేండ్లు పత్తికొండ, మూడేండ్లు ఆలూరు, మళ్లీ ఆదోని. సర్వీసంతా క్వార్టర్లలోనో బాడుగ ఇంట్లోనో గడిపి, రిటైరయ్యే రోజుకు సొంత గూడు ఉండాలని గృహనిర్మాణ అడ్వాన్సు తీసుకునేవాడు. జీతంలో నెలనెలా కోత. సర్వీసు చివరికి అప్పు తీరేలా వాయిదాలు. ఈ లెక్క అంతా పదవీ విరమణ వయసు మీద ఆధారపడింది. 1983లో రాష్ట్ర ప్రభుత్వం ఆ వయసును 58 నుంచి 55కు తగ్గించినప్పుడు ఎంత కలవరం పుట్టిందో మనలో చాలామందికి జ్ఞాపకమే. ఇంకా మూడేండ్లు జీతం వస్తుందనుకుని అప్పు చేసినవారు ఒక్క ఉత్తర్వుతో పింఛను మీద పడ్డారు. గ్రాట్యుటీ సొమ్ము కూతురి పెళ్లికా, ఇంటి అప్పుకా అని తల్లడిల్లారు. మరుసటి ఏడాది తిరిగి 58 చేశారు. తర్వాత 2014లో 60, 2022లో 62 అయింది. నెలసరి రాబడికి నమ్మకం ఉంటేనే ఇంటి అప్పు అప్పుగా ఉంటుంది, లేకపోతే అది ఉరి అవుతుందన్న పాఠం 1983 మనకు నేర్పింది.

పట్టాల యుగం

1979లో రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ ఏర్పడింది. 1983 తర్వాత బలహీన వర్గాలకు పక్కా ఇండ్ల కార్యక్రమం పెద్ద ఎత్తున సాగింది. కేంద్రం 1985లో ఇందిరా ఆవాస్ యోజన మొదలుపెట్టింది. 2006లో ఇందిరమ్మ కార్యక్రమం, 2016లో ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ విభాగం, 2020 డిసెంబరులో 30 లక్షల ఇంటి స్థలాల పంపిణీ వరుసగా వచ్చాయి. పార్టీలు ఏవైనా, ఈ విషయంలో ప్రభుత్వాలన్నీ ఒకే దారిన నడిచాయి. రాజకీయాల జోలికి పోకుండా చెప్పాలంటే, పేదవానికి పక్కా ఇల్లు కట్టించడంలో మన రాష్ట్రం దేశంలో ముందు వరుసలో ఉన్నది.

మండలాలు 1985లో ఏర్పడి గోనెగండ్ల మండల కేంద్రం అయిన తర్వాత, పట్టాల పని అంతా మండల కార్యాలయం మీద పడింది. గ్రామానికి పోయి, అర్హుల జాబితా చదివి, స్థలం కొలిచి, రాళ్లు నాటి, పట్టా చేతిలో పెట్టినప్పుడు ఆ ఆడమనిషి కళ్లలో కనిపించిన వెలుగు నేను మరిచిపోలేదు. స్త్రీల పేరు మీద పట్టా ఇవ్వడం ఈ పథకాలలో చాలా మంచి మార్పు. మొగుడు తాగి వచ్చి బయటికి పొమ్మన్నా, ఇది నా పేరు మీద ఉన్న ఇల్లని చెప్పే ధైర్యం ఆమెకు వచ్చింది. కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కు ఇస్తూ మన రాష్ట్రం 1986లో చేసిన చట్టంతో దీన్ని కలిపి చూడాలి. దేశమంతటికీ ఆ హక్కు 2005లో గాని రాలేదు.

ఈ పట్టాకు ఒక పరిమితి ఉండేది. 1977 నాటి అసైన్డు భూముల బదిలీ నిషేధ చట్టం ప్రకారం ప్రభుత్వం ఇచ్చిన స్థలం అమ్మడానికి వీలులేదు. పేదవాని భూమి ధనవంతుడు కొనేయకుండా పెట్టిన కట్టుబాటు అది, సదుద్దేశమే. కాని బిడ్డ చదువుకో ఆసుపత్రికో డబ్బు కావలసి వస్తే ఆ ఇల్లు అక్కరకు రాదు. పని దొరికే ఊరికి మారాలనుకుంటే ఇది అమ్మి అక్కడ కొనుక్కోలేడు. ఇంటి స్థలాల విషయంలో కొంత గడువు తర్వాత అమ్ముకునే వీలు కల్పిస్తూ ఇటీవలి సంవత్సరాల్లో సవరణలు వచ్చాయి.

ఖర్చు సంగతి కూడా చెప్పుకోవాలి. మట్టి మిద్దెకు సరుకు ఊళ్లో దొరికితే, పక్కా ఇంటికి సిమెంటు, ఇనుము, ఇసుక, ఇటుక అన్నీ కొనాలి. 2020 పథకంలో ఇంటికి ఇచ్చిన సాయం లక్షా ఎనభై వేల రూపాయలు. ఇల్లు కట్టినవారెవరికైనా తెలుసు, ఆ సొమ్ము గోడలు లేచేసరికే అయిపోతుందని. మిగతాది వడ్డీ వ్యాపారి దగ్గరే తేవాలి. ఆ వడ్డీ కట్టడానికి ఊరు విడిచి కూలికి పోవాలి. ఇల్లు కట్టడమే ఇల్లు విడవడానికి కారణమైన సంసారాలు నాకు తెలుసు.

తాళం వేసిన తలుపులు

మన పడమటి మండలాలకు సుగ్గి అన్న మాట కొత్తది కాదు. వానలు లేక వేరుశనగ ఎండిపోయినా, ఉల్లి ధర పడిపోయినా, జనం మూటాముల్లె సర్దుకుని గుంటూరు వైపు మిరప కోతలకు, పత్తి తీతలకు పోతారు. హైదరాబాదు, బెంగుళూరు కట్టడాల పనులకు పోయేవారు కొందరు. హంద్రీ నది మీద గాజులదిన్నె జలాశయం మన మండలంలోనే ఉన్నా, దాని నీరు అందని చేలే ఎక్కువ. సుగ్గి కాలంలో గ్రామాల్లోని కాలనీలకు పోయి చూడండి. ఇండ్లు సొంతవే. పట్టాలున్నాయి. తలుపులకు తాళాలున్నాయి. అరుగు మీద ముసలివాండ్లు, వారి దగ్గర వదిలిన ఒకరిద్దరు పిల్లలు తప్ప ఇంకెవరూ ఉండరు. తల్లిదండ్రులతో పోయిన పిల్లల చదువు మధ్యలో ఆగిపోతుంది.

అక్కడికి పోయినవారు ఎక్కడుంటారు? చేను గట్టున గుడిసెలో, సగం కట్టిన భవనంలో, రోడ్డు పక్క పట్టాల కింద. కొత్త భవనాలకు సిమెంటు మోసే మేస్త్రీ కూలీ తన ఊళ్లోని పక్కా ఇంటికి తాళం వేసి వచ్చి, ఇక్కడ గోనె పట్ట కింద పడుకుంటాడు. ఇతన్ని లెక్కల్లో ఏమని రాయాలి? సొంత ఇల్లు గలవాడనే రాస్తారు. రాసిన మాట అబద్ధం కాదు. కాని ఆ ఇల్లు ఏడాదిలో సగం రోజులు అతనికి ఉపయోగపడదు. అతనికి కావలసింది ఊళ్లో ఇంటితో పాటు, పనికి పోయిన చోట నెలకో రెండు నెలలకో తక్కువ బాడుగకు దొరికే ఒక గది. దాని గురించి ఆలోచించిన పథకాలు తక్కువ.

ఇతర చోట్ల అనుభవం

మన అనుభవం ఒంటరిది కాదని చూపడానికి మూడు సంగతులు చెబుతాను.

అర్జెంటీనా దేశంలో బ్యూనస్ ఎయిర్స్ నగరం పక్కన 1981లో పేద కుటుంబాలు ఖాళీ భూమిని ఆక్రమించుకున్నాయి. 1984లో ప్రభుత్వం ఆ భూమి సేకరించి వారికి ఇవ్వబోయింది. కొందరు భూస్వాములు పరిహారం పుచ్చుకుని ఒప్పుకున్నారు, కొందరు కోర్టుకు పోయారు. అందువల్ల ఒకే రకం జనంలో కొందరికి పట్టా దక్కింది, పక్కనే ఉన్న మరికొందరికి దక్కలేదు. గలియాని, షార్‌గ్రాడ్‌స్కీ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు చాలా ఏండ్ల తర్వాత ఈ రెండు వర్గాలనూ పోల్చి చూశారు. పట్టా ఉన్నవారు ఇంటిని బాగు చేసుకున్నారు, పిల్లలను ఎక్కువ చదివించారు. బ్యాంకు అప్పులు మాత్రం పెద్దగా పెరగలేదు, రాబడీ పెరగలేదు. పొమ్మనేవాడు లేడన్న ధైర్యం పిల్లల చదువు మీద ఇంత ప్రభావం చూపిందన్నమాట.

రెండవది మన దేశంలోనే, అహమ్మదాబాదులో. 1987లో బీడీలు చుట్టే మురికివాడ స్త్రీలకు లాటరీ వేసి నగరం అంచున ఇండ్లు ఇచ్చారు. పద్నాలుగేండ్ల తర్వాత పరిశోధకులు పోయి చూస్తే, ఇల్లు వచ్చినవారిలో మూడో వంతు మంది అసలు అక్కడికి పోనేలేదు. ఇంకొక మూడో వంతు మంది పోయి, ఉండలేక తిరిగి వచ్చారు. రాబడిలో గాని పిల్లల చదువులో గాని లాటరీ తగలనివారికంటే వారు మెరుగుపడలేదు. పైగా ఆపదకు ఆదుకునే బంధువులకు, ఇరుగుపొరుగుకు దూరమయ్యారు. మన దగ్గర ఊరికి దూరంగా లేఅవుట్లు వేసినప్పుడు వచ్చిన విమర్శకు అహమ్మదాబాదు ముందుగానే సాక్ష్యం చెప్పింది.

మూడవది బొంబాయి. అక్కడ గృహనిర్మాణ బోర్డు వారు లాటరీ మీద తక్కువ ధరకు అమ్మిన ఇండ్లు పొందిన కుటుంబాల మీద జరిగిన పరిశోధనలో, వారు తమ వాడ బాగు కోసం ముందుకు వచ్చి అడగడం, స్థానిక వ్యవహారాల్లో పాల్గొనడం ఎక్కువైందని తేలింది. ఇల్లు సొంతమైనవాడు వీధి గురించి పట్టించుకుంటాడన్న మన పెద్దల మాటకు ఇది బలం.

బాడుగతోనూ నిశ్చింత సాధ్యమే. ఆస్ట్రియా రాజధాని వియన్నాలో సుమారు సగం మంది నగర పాలక సంస్థ ఇండ్లలోనూ, లాభాపేక్ష లేని సంఘాల ఇండ్లలోనూ ఉంటారు. తరచుగా ఖాళీ చేయమనే బాధ లేదు. సింగపూరులో 1960లో ఏర్పడిన గృహనిర్మాణ బోర్డు దేశవాసుల్లో ఎక్కువమందిని ఇంటివారిని చేసింది. అయితే ఆ ఇండ్లు 99 ఏండ్ల లీజు మీద ఇచ్చినవే. అమెరికాలో మాత్రం రాబడి చూడకుండా అప్పులిచ్చి అందరినీ ఇంటి యజమానులను చేయబోతే, 2008 నాటికి ఇండ్ల ధరలు కూలి లక్షల కుటుంబాలు వీధిన పడ్డాయి. ఆ దెబ్బ ప్రపంచమంతా తగిలింది.

మనకు తేలేది

ఇంత చరిత్ర చూసిన మీదట నాకు తోచిన మాట ఇది. ఇల్లు సొంతమైనందువల్ల సంఘానికి కలిగే మేలు నిజమే. కాని ఆ మేలు రావాలంటే మనిషి ఆ ఇంట్లో ఏడాది పొడుగునా నిలిచి బతకగలగాలి. దానికి మూడు అవసరం: పొమ్మనేవాడు లేని హక్కు, నడిచిపోయేంత దూరంలో పని, రాబడికి మించని అప్పు. ఎమ్మిగనూరు నేతగాళ్లకు ఒక కాలంలో మూడూ కుదిరాయి, మేలు జరిగింది. సుగ్గికి పోయే కూలీకి హక్కు ఒకటే ఉంది, మిగతా రెండూ లేవు. అందుకే ఇల్లు తాళం పడింది.

సొంత ఇల్లు మనిషిని ఒక చోట కట్టిపడేస్తుంది, పని ఉన్న చోటికి పోనివ్వదు అని వాదించే ఆర్థికవేత్తలున్నారు. మన సుగ్గి కూలీలు ఇల్లున్నా పోతూనే ఉన్నారు గనుక ఆ వాదన ఇక్కడ పూర్తిగా చెల్లదు. అయితే ఇల్లుండీ పోవలసి రావడం కూడా మంచి ఏర్పాటు కాదు. కాలనీ మంజూరు చేసేటప్పుడే నీరు, బడి, బస్సుతో పాటు, ఆ కాలనీవారు ఏం చేసి బతుకుతారన్న ప్రశ్న కూడా వేసుకోవాలి. గాజులదిన్నె నీరు మరికొన్ని చేలకు చేరితే, ఉల్లి నిలువ చేసే గిడ్డంగులు, పత్తి మీద ఆధారపడిన చిన్న కార్ఖానాలు దగ్గరలో వస్తే, కొత్త ఇల్లు ఒక్కటి కట్టకుండానే ఉన్న ఇండ్లకు తాళాలు ఊడుతాయి. పట్టణాల్లో వలస కూలీలకు చవక బాడుగ గదులు కట్టించడం కూడా గృహనిర్మాణంలో భాగమేనని ప్రభుత్వాలు గుర్తించాలి.

చివరగా మన సభ్యులకు రెండు మాటలు. పిల్లల ఒత్తిడి మీద తొందరపడి ఇల్లు రాసివ్వకండి. రాసిచ్చినా, జీవితకాలం పోషించాలన్న షరతు దస్తావేజులోనే స్పష్టంగా రాయించండి. అటువంటి షరతు తప్పినప్పుడు ఆ దస్తావేజును రద్దు చేయమని 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల సంక్షేమ చట్టం 23వ సెక్షను కింద ట్రిబ్యునలుకు అర్జీ పెట్టుకోవచ్చు. బిడ్డల మీద ఆధారపడడం ఇష్టం లేనివారికి, ఇంట్లో ఉంటూనే దాని మీద బ్యాంకు నుంచి నెలనెలా సొమ్ము పొందే రివర్సు మార్టుగేజి పద్ధతి 2007 నుంచీ ఉన్నది. షరతులన్నీ చదివి, తెలిసినవారిని అడిగి గాని సంతకం చేయకండి.

ఊళ్లో ఇల్లు ఖాళీగా ఉన్నవారు దాన్ని తాళం వేసి పాడు పెట్టకుండా, ఒక ఉపాధ్యాయునికో, నర్సుకో, చదువుకునే పిల్లలకో న్యాయమైన బాడుగకు ఇస్తే బాగుంటుంది. ఒప్పందం కాగితం మీద రాసుకుంటే ఇరువురికీ భయం లేదు. పల్లెకు బదిలీ మీద వచ్చిన ఉద్యోగి ఇల్లు దొరక్క కర్నూలు నుంచి రోజూ బస్సులో తిరిగితే ఊరి బడికి, ఆసుపత్రికి ఎంత నష్టమో, సర్వీసంతా అటువంటి బాడుగ ఇండ్లలోనే గడిపిన మనకు వేరే చెప్పనక్కరలేదు. మన ఇండ్లలో దీపం వెలుగుతూ ఉండేటట్లు చూడడం మన చేతిలో ఉన్న పని.

సభ్యులు తమ తమ గ్రామాల్లోని కాలనీల చరిత్రను, ఎప్పుడు ఏర్పడింది, ఎవరెవరు నిలిచారు, ఎవరెవరు వలస పోయారు అన్న వివరాలతో రాసి సంఘానికి పంపగలరని ఆశిస్తూ ముగిస్తున్నాను.